రెండు 1080 గ్రాఫిక్స్ కార్డులు పెట్టినా గేమ్ కుదుపులే, ఎక్కడ తేడా కొడుతోంది?

బెజవాడ_బుల్లోడు · 2025 మే 25, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగైంది, తిట్టకండి.

సిస్టమ్ ఇదీ: ఐ7-6700కే, జెడ్170 బోర్డు, 16 జీబీ ర్యామ్, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), విండోస్ 10. మానిటర్ 1440పీ, 144 హెర్ట్‌జ్. ఇన్నాళ్లూ ఒక్క జీటీఎక్స్ 1080తో నెట్టుకొచ్చాను. పోయిన నెల అలాంటిదే ఇంకొకటి సెకండ్‌హ్యాండ్‌లో 11 వేలకి దొరికింది. వేరే కంపెనీది, మూడు ఫ్యాన్లు, మెరిసే లైట్లు. చూడ్డానికి బాగుందని దాన్ని పై స్లాట్‌లో పెట్టి, నా పాతదాన్ని కిందకి దించా. రెంటినీ కలిపే బ్రిడ్జి కూడా అమ్మినాయనే ఇచ్చాడు. కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డులూ కలిసి గేమ్ గీసే పద్ధతి) ఆన్ చేశా, రెండు కార్డులూ కనిపిస్తున్నాయి.

నా లెక్క ఏంటంటే కార్డుల మెమరీ 8, 8 కలిపి 16 జీబీ, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) రెట్టింపు కాకపోయినా ఒకటిన్నర రెట్లయినా వస్తుందని. జరిగింది వేరు. జీటీఏ 5లో ఇదివరకు 79, 80 వచ్చేది, ఇప్పుడు 74. అది కూడా 74లా లేదు, ఊరి రోడ్డు మీద ఆటో ఎక్కినట్టుంది. సైబర్‌పంక్‌లో 36 నుంచి 33కి పడింది. ఎల్డెన్ రింగ్ ముందూ ఆగి ఆగి నడిచేది, ఇప్పుడూ అంతే.

డ్రైవర్ రెండుసార్లు తీసి వేశా. విండోస్ కూడా కొత్తగా ఎక్కించా. వీ-సింక్ ఆన్, ఆఫ్ రెండూ చూశా. ఇంట్లో అమ్మ "ఆ డబ్బాకి ఇంకో 11 వేలా" అని మొదలెట్టింది. ఎవరైనా దారి చూపించండి.

---

ఓల్టేజ్_వీర్రాజు · మే 26, ఉదయం 6:20

బాబూ, ముందు చిన్న ప్రశ్న, కోపం తెచ్చుకోకండి. మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారండీ? మా కాకినాడలో ఒకాయన నెల రోజులు మదర్‌బోర్డు వెనక ఉన్న పోర్టుకి గుచ్చుకుని, కార్డు పని చెయ్యట్లేదని కొన్నచోట గొడవ పెట్టుకున్నాడండీ. ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ మీదే ఆడుకున్నాడు పాపం.

రెండోది ఎస్‌ఎంపీఎస్. ఒక్కో 1080కి 180 వాట్లు, రెంటికీ 360. ప్రాసెసర్‌కి 91. మిగతావి కలిపినా 650 చాలాలి, అది నిజంగా 650 ఇచ్చే రకమైతే. రెండు కార్డులకీ విడివిడి కేబుళ్లు లాగారా, ఒకే కేబుల్‌కున్న రెండు తలలు తగిలించారా?

---

బెజవాడ_బుల్లోడు · మే 26, ఉదయం 9:05

కేబుల్ పై కార్డుకే ఉందండీ. పవర్ మాత్రం ఒకే కేబుల్ రెండు తలలు, మీరెలా కనిపెట్టారో కానీ. ఇప్పుడే రెండో కేబుల్ లాగా. జీటీఏలో తేడా ఏం లేదు.

---

సాల్డర్_బాబాయ్ · మే 26, ఉదయం 10:31

విడివిడి కేబుల్ మంచిదే, గట్లనే ఉంచు. ఎఫ్‌పీఎస్ పెరగకపోయినా రేపు కనెక్టర్ కాలదు.

ఇగ 16 జీబీ ముచ్చట. గది మర్చిపో. ఎస్‌ఎల్‌ఐల రెండు కార్డులు ఒకే సీన్ గీస్తయి, అందుకే టెక్స్చర్లన్నీ రెండింట్ల నింపుకుంటయి. దీంట్ల ఉన్నదే దాంట్ల ఉంటది. నీ దగ్గర ఉన్నది 8 జీబీనే, రెండు కాపీలు. నేను 1998ల వూడూ2 కార్డులు రెండు పెట్టిన్నాటి నుంచి ఇదే కథ. అప్పుడు ఒక కార్డు సరి గీతలు, ఇంకోటి బేసి గీతలు గీస్తుండె. 800, 600 మీద ఆడే గేమ్ 1024, 768కి పోయేది. గంతకే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల మేము రాజులం. ఎస్‌ఎల్‌ఐ అన్న పేరు గా వూడూలు చేసిన 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీదే. దాని ఆస్తులు ఎన్‌విడియా కొన్నది, 2004ల అదే మూడక్షరాలకు వేరే అర్థం జెప్పి మళ్ల దించింది.

నువ్వు ఇవి పంపు: జీపీయూ-జెడ్ టూల్‌ల రెండు కార్డులకు బస్ ఇంటర్‌ఫేస్ (బోర్డుతోని లింకు) ఏం చూపిస్తున్నది? గేమ్ నడుస్తుంటే ఆఫ్టర్‌బర్నర్ టూల్‌ల ఒక్కో కార్డు వేడి ఎంత, క్లాక్ (చిప్పు వేగం) ఎంత, వాడకం ఎంత శాతం? బ్రిడ్జి ఎసొంటిది, మెత్తటి రిబ్బనా, గట్టిదా?

---

బెజవాడ_బుల్లోడు · మే 26, మధ్యాహ్నం 1:12

దొరికింది బాబాయ్! జీపీయూ-జెడ్‌లో రెండింటికీ 8 లేన్లు (డేటా వెళ్లే దారులు), లింకు తరం 1.1 అని చూపిస్తోంది. 3.0 రావాలి కదా! 16 లేన్లు ఉండాలి కదా! బోర్డు పోయినట్టేనా?

---

పిక్సెల్_విశాఖ · మే 26, మధ్యాహ్నం 1:40

పోలేదు, కంగారు పడకు. కార్డు ఖాళీగా కూర్చున్నప్పుడు కరెంటు ఆదా కోసం లింకు వేగం తగ్గించుకుంటుంది, అదే ఆ 1.1. ఆ గడి పక్కనే చిన్న ప్రశ్నార్థకం గుర్తుంటుంది. అది నొక్కి రెండర్ టెస్ట్ నడుపు, 3.0కి లేస్తుంది.

8 లేన్లు కూడా మామూలే. నీ 6700కే ప్రాసెసర్ దగ్గర గ్రాఫిక్స్ కోసం ఉన్నవి మొత్తం 16 లేన్లు. ఒక కార్డుంటే అన్నీ దానివే. రెండుంటే చెరి 8. అసలు ఎస్‌ఎల్‌ఐకి కనీసం 8 లేన్లు కావాలి, రెండో స్లాట్ 4 లేన్లదైతే ఎన్‌విడియా డ్రైవర్ ఆ ఎంపికే చూపించదు. నీకు టిక్ పెట్టే అవకాశం వచ్చిందంటేనే అక్కడ తేడా లేదని అర్థం. 3.0లో 8 లేన్లు 1080కి సరిపోతాయి.

బాబాయ్ అడిగిన వేడి లెక్కలు పంపలేదు. అసలు కథ అక్కడుందని నా అనుమానం.

---

బెజవాడ_బుల్లోడు · మే 26, సాయంత్రం 4:55

అవును, టెస్ట్ నడిపితే 3.0 వచ్చింది. పరువు పోయింది.

జీటీఏ 5 అరగంట ఆడాక: పై కార్డు 83 డిగ్రీలు, క్లాక్ 1,600 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఊగుతోంది, ఫ్యాన్ మోత హాల్లోకి వినిపిస్తోంది. కింది కార్డు 68, క్లాక్ 1,860. వాడకం ఒక్కోటి 60 నుంచి 90 మధ్య పైకీ కిందకీ.

సైబర్‌పంక్‌లో: పైది 99 శాతం, 83 డిగ్రీలు. కిందది సున్నా, అప్పుడప్పుడూ 2.

బ్రిడ్జి మెత్తటి రిబ్బనే.

---

సాల్డర్_బాబాయ్ · మే 26, సాయంత్రం 5:30

83 అన్నది ఊర్కె వచ్చిన అంకె గాదు. 1080కి కంపెనీ పెట్టిన హద్దే గది. గాడికి రాంగనే కార్డు తన క్లాక్ తనే కోసుకుంటది. 1,850 మీద ఉరకాల్సింది 1,600 మీద నడుస్తున్నది. నీ ఎఫ్‌పీఎస్ ఎందుకు పడ్డదో సగం జవాబు ఇదే. సైబర్‌పంక్ 36 నుంచి 33 అయ్యింది గందుకే, రెండో కార్డు సాయం చెయ్యకపోగా మొదటిదాని ఊపిరి ఆపింది.

ఆ మూడు ఫ్యాన్ల కార్డులు వేడిని క్యాబినెట్ బయటికి పంపయి, లోపలనే నాలుగు దిక్కులు చిమ్ముతయి. ఒక్కటే ఉంటే పర్వాలేదు. రెండు పెడితే కిందిదాని వేడి గాలి పైదానికి తిండి. ఎనకట ఎస్‌ఎల్‌ఐ పెట్టెటోళ్లు ఒక్క ఫ్యాన్‌తోని వెనక నుంచి బయటికి ఊదే కార్డులు గందుకే కొంటుండె. మోత చేసేవి, కానీ పక్కోనిని కాల్చకపోయేవి.

పైగా నువ్వు రోహిణి కార్తెల మొదలువెట్టినవ్, బెజవాడల. రోళ్లే పగిలే టైమ్‌ల కార్డు ఏం చేస్తది? సైడ్ ప్యానెల్ తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి మళ్ల చూడు.

---

ఓల్టేజ్_వీర్రాజు · మే 26, సాయంత్రం 6:02

మా తమ్ముడు ప్యానెల్ తీసేసి ఎయిర్‌కూలర్ ముందు పెట్టాడండీ. 60 దాటట్లేదంటున్నాడు. అలా చెయ్యొచ్చంటారా?

---

సాల్డర్_బాబాయ్ · మే 26, సాయంత్రం 6:10

అయ్యా, కూలర్ గాలిల తేమ ఉంటది. రెండు నెలలు బాగనే ఉంటది, తర్వాత బోర్డు మీద పచ్చగ తుప్పు తేల్తది. గా బోర్డులు నా బల్ల మీదికే వస్తయి. మీ తమ్మునికి జెప్పు, ఉత్త ఫ్యాన్ చాలు.

---

బెజవాడ_బుల్లోడు · మే 26, రాత్రి 9:44

టేబుల్ ఫ్యాన్ పెట్టా. పైది 77కి దిగింది, క్లాక్ 1,780. జీటీఏ 74 నుంచి 88కి ఎక్కింది! సైబర్‌పంక్ మళ్లీ 36.

కానీ కుదుపులు పోలేదు. ఇదే అర్థం కావట్లేదు. 88 చూపిస్తోంది, ఆడుతుంటే 50లా ఉంది. ఇదివరకు 79 ఉన్నప్పుడే హాయిగా ఉండేది. అంకె పెరిగి ఆట పాడవ్వడం ఏంటి?

---

పిక్సెల్_విశాఖ · మే 26, రాత్రి 10:50

ఇప్పుడు సరైన ప్రశ్న అడిగావు. ఆ అంకె ఒక సెకనులో ఎన్ని ఫ్రేములు వచ్చాయో చెబుతుంది, ఎంతెంత ఎడంతో వచ్చాయో చెప్పదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వడ్లు దంచడం చూసుంటారు, అడుగు. ఒకటే రోలు, ఇద్దరు ఆడవాళ్లు, రెండు రోకళ్లు. ఒకరు ఎత్తినప్పుడు ఇంకొకరు వేస్తారు. లయ కుదిరితే పని రెట్టింపు. ఎస్‌ఎల్‌ఐ చేసేదీ ఇదే. మొదటి ఫ్రేము పై కార్డు, రెండోది కింది కార్డు, మూడోది మళ్లీ పైది. దీన్ని ఆల్టర్నేట్ ఫ్రేమ్ రెండరింగ్ అంటారు. ఇప్పుడు నీ ఇద్దరిలో ఒకరు 77 డిగ్రీల్లో ఆయాసపడుతున్నారు, ఇంకొకరు తాజాగా ఉన్నారు. దెబ్బ, దెబ్బ, ఆగి, దెబ్బ, దెబ్బ, ఆగి.

అంకెల్లో చూడు. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము 8కి, తర్వాతది 25కి, మళ్లీ 8, మళ్లీ 25 వచ్చాయనుకో. సగటు 16.5. కౌంటర్ దర్జాగా 60 చూపిస్తుంది. నీ కన్ను మాత్రం ఆ 25లనే పట్టుకుంటుంది, అంటే దానికి 40లా కనబడుతుంది. దీనికే మైక్రో స్టట్టర్ అని పేరు. ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ పెట్టుకుని చూడు, గీత బదులు రంపం పళ్లు కనిపిస్తాయి.

రెండు పనులు చెయ్యి. రివాట్యూనర్ టూల్‌లో జీటీఏ ఎఫ్‌పీఎస్‌ని 72కి కట్టేయి. ఇద్దరికీ ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికితే లయ కొంత కుదురుతుంది. రెండోది ఆ రిబ్బన్ బ్రిడ్జి. అది 1440పీలో 60 హెర్ట్‌జ్ వరకు అనుకుని చేసిన సరుకు. నీ 1080 ఉన్న 10 సిరీస్‌కి హెచ్‌బీ బ్రిడ్జి అని గట్టిది విడిగా ఇచ్చారు, కార్డు మీది రెండు కనెక్టర్లూ ఒకేసారి కలుపుతుంది. 144 హెర్ట్‌జ్ మానిటర్‌కి అదే మేలు. ఇప్పుడు వెతికి పట్టుకోవడమే కష్టం.

సైబర్‌పంక్‌లో రెండో కార్డు సున్నా ఉండటం మాత్రం చెడిపోవడం కాదు. ఆ గేమ్‌కి దాని ఉనికే తెలియదు. డైరెక్ట్‌ఎక్స్ (గేమ్ కార్డుతో మాట్లాడే పద్ధతి) 11 దాకా పనులు పంచేది డ్రైవర్, ఒక్కో గేమ్‌కి ఎన్‌విడియా ప్రొఫైల్ (పని ఎలా పంచాలో సూచనలు) రాసేది. డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వచ్చాక ఆ బరువు గేమ్ చేసేవాళ్ల నెత్తిన పడింది. కొనేవాళ్లలో రెండు కార్డులవాళ్లు ఎంతమంది? ఎవరు మోస్తారు? 2021 జనవరి 1 నుంచి 20 సిరీస్‌కీ అంతకు ముందు కార్డులకీ కొత్త ప్రొఫైళ్లు ఇక చెయ్యబోమని ఎన్‌విడియా కూడా చెప్పేసింది.

ఇంకో పితలాటకం టీఏఏ. ఇప్పటి గేముల్లో అంచులు నునుపు చెయ్యడానికి వెనకటి ఫ్రేము తీసుకుని కొత్తదానిలో కలుపుతారు. ఆ వెనకటి ఫ్రేము ఎక్కడుంది? పక్క కార్డులో. ప్రతిసారీ అది ఇటు మొయ్యాలి. అలా మోసేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది.

---

డల్లాస్_డబుల్ · మే 27, ఉదయం 7:15

ఒక్క ముక్కలో చెప్పాలంటే ఎస్‌ఎల్‌ఐ చచ్చిపోయింది తమ్ముడూ. నా దగ్గర రెండు 3090లు ఉన్నాయి, ఎన్‌వీలింక్ బ్రిడ్జితో సహా. 30 సిరీస్‌లో ఆ కనెక్టర్ ఉన్నది 3090 మోడళ్లకే, 2022లో 4090 వచ్చేసరికి అదీ పీకేశారు. గేముల కోసం మాత్రం రెండోది ఎప్పుడూ వాడను. ఇంట్లో ఏఐ భాషా మోడళ్లు నడుపుకోవడానికి కొన్నా. అక్కడ 24, 24 కలిపి 48 జీబీ అనే లెక్క చెల్లుతుంది, ఎందుకంటే మోడల్‌ని పొరలు పొరలుగా కోసి సగం ఇందులో, సగం అందులో పెట్టుకోవచ్చు. గేమ్ సీన్‌ని అలా కొయ్యలేం.

రెండో కార్డు అమ్మేసి పని చూసుకో.

---

ఓల్టేజ్_వీర్రాజు · మే 27, ఉదయం 8:01

చచ్చిపోయిందని అంత తేలిగ్గా అనెయ్యకండి. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 మీద రెండు కార్డులూ వాడేలా వాళ్లే రాశారండీ. స్ట్రేంజ్ బ్రిగేడ్ కూడా అంతే. నా రెండు 970ల మీద కళ్లారా చూశాను. బాబూ, ఆ గేమ్ ఉంటే బెంచ్‌మార్క్ నడిపి చూపించండి ఈయనకి.

---

డల్లాస్_డబుల్ · మే 27, ఉదయం 8:20

అన్నగారూ, రెండు గేముల కోసం 360 వాట్లు కాలుస్తామా? అదీ 3.5 జీబీ 970 మీద చూసిన ముచ్చట పట్టుకుని!

---

ఓల్టేజ్_వీర్రాజు · మే 27, ఉదయం 8:26

970 కున్న 4 జీబీలో ఆ చివరి అర జీబీ నెమ్మదిగా నడుస్తుందని బయటపడింది 2015లోనండీ, నేను కొన్నాక. ఇప్పుడు దాన్ని ఎత్తిపొడవడం దేనికి?

---

మోడరేటర్ · మే 27, ఉదయం 8:40

ఇద్దరూ చల్లబడండి, ఎండలు చాలు. మధ్యలో "కార్డు నాకు అమ్ముతావా" అని వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. అమ్మకాలకి వేరే విభాగం ఉంది.

---

బెజవాడ_బుల్లోడు · మే 27, రాత్రి 10:15

అన్నీ చేశా, వరసగా రాస్తున్నా.

టూంబ్ రైడర్ బెంచ్‌మార్క్, 1440పీ: ఒక్క కార్డు 58, రెండు కార్డులు 101. వీర్రాజు గారూ, మీ మాట నిజం! రెండు కార్డుల వాడకమూ 95 పైనే. మొదటిసారి 11 వేలు కనిపించాయి.

జీటీఏని 72కి కట్టేస్తే కుదుపులు సగం తగ్గాయి. పూర్తిగా కాదు. గ్రాఫ్‌లో పిక్సెల్ గారు చెప్పినట్టే రంపం. రోకళ్ల సంగతి మా అమ్మమ్మని అడిగా. "లయ తప్పితే చేతులు చితికేవి రా" అంది. గ్రాఫ్ కూడా చూపించా, "ఇదేదో గుండె పరీక్ష కాగితంలా ఉంది" అంది.

---

సాల్డర్_బాబాయ్ · మే 28, ఉదయం 10:05

బాగున్నది. కానీ నాకొకటి నచ్చుతలేదు. టేబుల్ ఫ్యాన్ మొత్తం మొఖాన కొడుతున్నా పై కార్డు 77 ఏంది? టేబుల్ ఫ్యాన్ లేనప్పుడే పక్కది 68 ఏంది? పైన ఉన్నందుకు కొంత తేడా ఉంటది, ఒప్పుకుంటా. మరీ గింతనా?

ఒక్కో కార్డును ఒంటరిగ పరీక్ష పెట్టు. సేఫ్ మోడ్‌ల డీడీయూ టూల్‌తోని డ్రైవర్ మొత్తం ఊడ్చెయ్. మొదట నీ పాత కార్డు ఒక్కటే పై స్లాట్‌ల పెట్టు, బ్రిడ్జి తీసెయ్, ప్యానెల్ మూసే ఉంచు. ఒకే గేమ్, ఒకే చోటు, ఇరవై నిమిషాలు. తర్వాత అది తీసి కొత్తది పెట్టు, అదే గేమ్, అదే టైమ్. రెండు కార్డులు కలిపి పెట్టినప్పుడు ఏది దొంగనో తెల్వదు, విడగొడితేనే బయటపడ్తది. ఇది ముందే చెప్పాల్సింది, రోహిణి కార్తె అని నేను కూడా మోసపోయిన.

---

బెజవాడ_బుల్లోడు · మే 29, రాత్రి 12:20

బాబాయ్, మీరు మామూలోళ్లు కాదు.

పాత కార్డు ఒంటరిగా, ప్యానెల్ మూసి: 71 డిగ్రీలు, క్లాక్ 1,850, జీటీఏ 80, గీత నున్నగా ఉంది.

కొత్త కార్డు ఒంటరిగా, అదే స్లాట్, ప్యానెల్ మూసి: పది నిమిషాలకే 83. క్లాక్ 1,600. పక్కన ఏ కార్డూ లేదు! టార్చి వేసి చూస్తే మూడు ఫ్యాన్లలో మధ్యది తిరగట్లేదు. లైట్లు అంత మెరుస్తుంటే అది కనిపించనే లేదు ఇన్నాళ్లూ. వేలితో తిప్పితే గరగరమని ఆగిపోతోంది.

అంటే పాడైన కార్డుని తీసుకెళ్లి నేనే పైన, వేడి గాలి తగిలే చోట పెట్టా.

---

పిక్సెల్_విశాఖ · మే 29, ఉదయం 9:12

క్రిప్టో గనుల్లో పనిచేసి వచ్చిన కార్డు కావచ్చు. ఈథీరియం అనే క్రిప్టో 2022 సెప్టెంబర్‌లో కార్డులతో తవ్వే పద్ధతి మానేశాక అలాంటివి బజార్లోకి కుప్పలుగా వచ్చాయి. రాత్రింబవళ్లు తిరిగి ముందు పోయేది ఫ్యాన్లే. చిప్పు మాత్రం గట్టిగానే ఉంటుంది, కాబట్టి దిగులు పడక్కర్లేదు.

---

సాల్డర్_బాబాయ్ · మే 29, ఉదయం 11:00

ఫ్యాన్ దొరుకుతది. వెనక స్టిక్కర్ మీద ఫ్యాన్ నెంబర్ చూసి అదే తెప్పించు, సైజు ఒక్కటే చాలదు, ప్లగ్ పిన్నులు కూడా కలవాలె. ఎట్లాగూ విప్పుతవ్ గనక చిప్పు మీది థర్మల్ పేస్టు కూడా మార్చు. స్క్రూలు అడ్డంగ ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం తిప్పుకుంట విప్పు, ఒక మూల మొత్తం విప్పి ఇంకో మూలకు పోకు, చిప్పు అంచు పలుగుతది. థర్మల్ ప్యాడ్లు చినిగితే అదే మందంవి వెయ్యాలె, మందం తప్పితే చిప్పుకు హీట్‌సింక్ ఆనదు.

---

బెజవాడ_బుల్లోడు · జూన్ 8, రాత్రి 9:30

ఫ్యాన్ వచ్చింది, మార్చా. పాత పేస్టు ఎండి సుద్దలా రాలింది. ఇప్పుడు ఒంటరిగా 70. రెండూ కలిపి, మంచి కార్డు పైన, ప్యానెల్ మూసి: పైది 78, కిందది 69. తొలకరి కూడా పడింది లెండి.

జీటీఏ రెండు కార్డులతో ఇప్పుడు 104. రంపం పళ్లు చిన్నవయ్యాయి కానీ ఉన్నాయి. సైబర్‌పంక్‌కి రెండో కార్డు ఇప్పటికీ సున్నా. ఎల్డెన్ రింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు?

---

పిక్సెల్_విశాఖ · జూన్ 8, రాత్రి 10:02

ఎల్డెన్ రింగ్ ఎలాగూ 60 దగ్గర కట్టేసి ఉంటుంది, రెండో కార్డు దానికి పట్టదు. మధ్యమధ్య ఆగడం ఆ గేమ్‌కి పీసీలో మొదటి నుంచీ ఉన్న జబ్బే. నీ సిస్టమ్‌ని అనుమానించకు.

రెండో కార్డుకి ఇంకో దారి ఉంది. స్టీమ్‌లో లాస్‌లెస్ స్కేలింగ్ అని చిన్న ప్రోగ్రామ్. ఎస్‌ఎల్‌ఐ ఆఫ్ చేసెయ్యి. గేమ్‌ని ఒక కార్డు గీస్తుంది, మధ్య ఫ్రేములు పుట్టించే పని రెండోది చేస్తుంది. మానిటర్ కేబుల్ రెండోదానికి గుచ్చాలి, లేకపోతే ఫ్రేములు అటూ ఇటూ తిరిగి ఆలస్యమవుతుంది. దీనికి గేమ్ చేసినవాళ్ల అనుమతి అక్కర్లేదు, సైబర్‌పంక్ అయినా సరే.

చిక్కులు కూడా చెబుతున్నా. గేమ్ ఏ కార్డు మీద నడవాలో విండోస్ 11లో సెట్టింగ్స్‌లోనే ఎంచుకోవచ్చు. నీది విండోస్ 10, పైగా 6700కే కాబట్టి 11కి అధికారికంగా అర్హత లేదు, రిజిస్ట్రీలో చెయ్యి పెట్టాలి. రెండోది, ఈ పనికి సగం ఖచ్చితత్వపు (16 బిట్ల) లెక్కలు వేగంగా చేసే కార్డు బాగుంటుంది. 1080 అక్కడ మరీ బలహీనం, మామూలు వేగంలో 64వ వంతు. కొత్త చిన్న కార్డే దీనికన్నా నయం కావచ్చు.

---

బెజవాడ_బుల్లోడు · జూన్ 11, రాత్రి 11:10

రిజిస్ట్రీతో ఒక రోజంతా పోయింది, కానీ నడిచింది. సైబర్‌పంక్ 36 నుంచి 70 చూపించింది. కళ్లకి నునుపుగానే ఉంది. మౌస్ మాత్రం తేనెలో తిప్పినట్టుంది. కారు నడిపితే బాగుంది, తుపాకీ పడితే చచ్చిపోతున్నా.

---

పిక్సెల్_విశాఖ · జూన్ 11, రాత్రి 11:25

అది తప్పదు. రెండు నిజం ఫ్రేముల మధ్య ఒకటి పుట్టించాలంటే రెండోది చేతికొచ్చే దాకా మొదటిదాన్ని పట్టి ఉంచాలి. నువ్వు నొక్కింది తెర మీద ఆ మేరకి ఆలస్యం. అసలు ఫ్రేములు 60 దాకా ఉంటే పెద్దగా తెలియదు, 36 మీద తెలుస్తుంది.

---

బెజవాడ_బుల్లోడు · నవంబర్ 16, సాయంత్రం 7:40

పాత చర్చ తవ్వుతున్నందుకు క్షమించండి, ఏం చేశానో చెప్పకుండా పోవడం బాగోదని.

టూంబ్ రైడర్ పూర్తయ్యే దాకా రెండూ ఉంచా. ఆ తర్వాత రెండో కార్డు తీసేశా. ఒక్కదానితో జీటీఏ 80, గీతలో ఒక్క పన్ను లేదు. సైబర్‌పంక్ సెట్టింగులు రెండు మెట్లు దించితే 50. ఎటూ అక్టోబర్‌తో మన 10 సిరీస్‌కి కొత్త గేముల డ్రైవర్లు ఆగిపోయాయి, ఇక 2028 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లే అంట.

ఆ మూడు ఫ్యాన్ల కార్డు మా చిన్నాన్న కొడుక్కి ఇచ్చా. వాడి దగ్గర కొత్త ప్రాసెసర్ ఉంది. జీటీఏ నాకన్నా పది ఎఫ్‌పీఎస్ ఎక్కువ వస్తోందని రోజూ ఫొటో పెడుతున్నాడు.

---

ఓల్టేజ్_వీర్రాజు · నవంబర్ 16, రాత్రి 8:15

మంచి పని చేశారండీ. ఇంతకీ అమ్మగారు ఏమన్నారు?

---

బెజవాడ_బుల్లోడు · నవంబర్ 16, రాత్రి 8:31

కరెంటు బిల్లు చూసి ఏమీ అనలేదు. ఆవిడకి అదే మెప్పు.

---

సాల్డర్_బాబాయ్ · నవంబర్ 17, ఉదయం 10:20

గా రిబ్బన్ బ్రిడ్జి ఏం జేసినవ్? పారేసినవా? పారెయ్యకపోతే కవర్ల పెట్టి నాకు పంపు, కొరియర్ పైసలు నేనిస్తా. దుకాణంల అద్దాల పెట్టెల నా వూడూ2లు రెండు ఇంకా ఉన్నయి. వాటి పక్కన జాగ ఉన్నది.